సోనార్‌కు దిక్కు తెలుసు, లోతు మాత్రం ఊహించాలి

1943 జూన్‌లో అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు ఆండ్రూ మే పసిఫిక్ యుద్ధరంగాన్ని చూసి వచ్చి విలేకరుల ముందు నోరు జారారు. జపాన్ నౌకలు డెప్త్ చార్జీలను, అంటే నీటిలో మునిగి అమర్చిన లోతులో పేలే బాంబులను, మరీ తక్కువ లోతులో పేలేలా అమరుస్తున్నాయి, మన జలాంతర్గాములు అందుకే బతికి బయటపడుతున్నాయి అన్నారాయన. పత్రికలు అచ్చు వేశాయి. ఆ తర్వాత జపాన్ లోతు పెంచిందనీ, ఆ ఒక్క మాటకు 10 జలాంతర్గాములు, 800 మంది నావికులు బలి అయ్యారనీ పసిఫిక్ జలాంతర్గామి దళాన్ని నడిపిన చార్ల్స్ లాక్‌వుడ్ మండిపడ్డారు. ఆయన లెక్కకు గట్టి రుజువు లేదు. ఆ వార్త చదివే జపాన్ తన పద్ధతి మార్చుకుందని ఎవరూ తేల్చలేదు కూడా. కానీ ఆ ఆరోపణ అందరికీ నమ్మదగినదిగా ఎందుకు తోచిందో ఆలోచించండి. శత్రువు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాడో నౌకలోని సోనార్, అంటే ధ్వనితో నీటిలో వెతికే యంత్రం, చెబుతోంది. ఎంత లోతులో ఉన్నాడో మాత్రం చెప్పడం లేదు. 90 మీటర్లా, 120 మీటర్లా అన్నది అధికారి అనుభవంతో వేసుకునే అంచనా.

ఎనభై ఏళ్లు గడిచాయి. యంత్రాలు గుర్తుపట్టలేనంతగా మారాయి. అయినా జలాంతర్గామిలో సోనార్ ముందు కూర్చున్నవారికి మూడు ప్రశ్నల్లో అన్నిటికన్నా కష్టమైనది ఇప్పటికీ మూడోదే. దిక్కును వింటారు, దూరాన్ని లెక్క కడతారు, లోతును మాత్రం నీటి గురించి తమకు తెలిసినదాని మీద ఆధారపడి తర్కించి రాబట్టాలి. ఈ తేడా పట్టుబడితే మిగతా చిక్కుముడులన్నీ వాటంతట అవే విడిపోతాయి.

కాగితం మీద చూస్తే ఇందులో కష్టమేమీ కనిపించదు. ఒక ధ్వనిని పంపిస్తాం, అది లక్ష్యానికి తగిలి తిరిగి వస్తుంది. సముద్రపు నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు కాబట్టి, పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ప్రతిధ్వని ఎంత కిందికి వంగిన కోణం నుంచి వచ్చిందో కొలిస్తే, పదో తరగతి త్రికోణమితితో లోతు వచ్చేయాలి. దూరాన్ని ఆ కోణపు సైన్‌తో గుణించి, మనం ఉన్న లోతును కలిపితే సరి.

ఇప్పుడు ఆ కోణంలో ఒక్క డిగ్రీ పొరపాటు వచ్చిందనుకుందాం. లక్ష్యం 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే లోతులో తేడా 175 మీటర్లు. చాలా జలాంతర్గాములు తిరిగే మొత్తం లోతే కొన్ని వందల మీటర్లు. అంటే ఒక డిగ్రీ తప్పితే జవాబుకు అర్థమే ఉండదు. అదే ఒక డిగ్రీ పొరపాటు అడ్డంగా, దిక్కులో వస్తే లక్ష్యం 175 మీటర్లు పక్కకు జరిగినట్లు లెక్క. విశాలమైన సముద్రంలో అది పెద్ద విషయం కాదు. సముద్రం వందల కిలోమీటర్ల వెడల్పున పరచుకున్న పలుచని పొర. అందులో అడ్డంగా వచ్చే తప్పును భరించవచ్చు, నిలువుగా వచ్చే తప్పును భరించలేం.

పైగా జలాంతర్గామి నిర్మాణమే నిలువు కోణాలను కొలవడానికి అనువైనది కాదు. వచ్చే ధ్వని దిశను ఎంత సూక్ష్మంగా పట్టుకోగలం అన్నది హైడ్రోఫోన్ల (నీటిలో ధ్వనిని వినే మైకుల) వరుస ఎంత పొడవుగా ఉందన్నదాన్ని బట్టి, ఆ ధ్వని తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది. విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలిచిన ఐఎన్ఎస్ కురుసురను చూసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. దాని పొడవు 91 మీటర్లు, వెడల్పు ఏడున్నర మీటర్లు. ఏ జలాంతర్గామి అయినా ఇంతే, పడుకున్న ఆకారం. పక్కల వెంబడి హైడ్రోఫోన్లను పదుల మీటర్ల పొడవున అమర్చుకోవచ్చు, వెనుక తాడులాంటి వరుసను వందల మీటర్లు లాక్కుంటూ పోవచ్చు. నిలువుగా మాత్రం పొట్ట ఎంత ఎత్తుంటే అంతే చోటు. 1960ల నుంచి అమెరికా అణు జలాంతర్గాముల ముక్కు భాగంలో పెట్టిన గోళాకారపు సోనార్ వ్యాసం సుమారు నాలుగున్నర మీటర్లు. అది పైకీ కిందికీ కూడా వినగలదు, అది గొప్ప మెరుగుదలే. కానీ 1,500 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం ఒక మీటరు. ఆ గోళంతో అలాంటి ధ్వనిని వింటే వినికిడి కిరణం వెడల్పు పది డిగ్రీలు దాటుతుంది. ఆ కిరణంలోనే మధ్యబిందువును వెతికి సూక్ష్మత పెంచే పద్ధతులు ఉన్నాయి గానీ, అవి ధ్వని బలంగా వినిపించినప్పుడే పనికొస్తాయి. దూరంగా మెల్లగా పోయే శత్రువు అలా వినిపించడు.

మన చెవుల సంగతీ అంతే. రెండూ తలకు అటూ ఇటూ ఉన్నాయి గనుక కోకిల ఏ మామిడిచెట్టు మీద కూస్తోందో ఇట్టే చెబుతాం, ఏ కొమ్మ మీద ఉందో చెప్పలేక మెడ చాచి వెతుకుతాం.

వెనుక లాగే వరుసకు మరో లోపం ఉంది. అది ఒక గీత మాత్రమే. ధ్వని ఆ గీతతో ఎంత కోణం చేస్తూ వచ్చిందో దానికి తెలుస్తుంది తప్ప, పక్క నుంచి వచ్చిందా, కింది నుంచి వచ్చిందా అన్న తేడా తెలియదు. ఒకే కోణం చేసే దిశలన్నీ కలిస్తే ఒక శంకువు అవుతుంది. లక్ష్యం ఆ శంకువు మీద ఎక్కడైనా ఉండవచ్చు. సముద్రపు అడుగుకు తగిలి ఎగసివచ్చిన ధ్వనిని సూటిగా వచ్చినదిగా పొరబడితే లోతుతోపాటు దిక్కు కూడా తప్పుతుంది. అతి దూరం వినగలిగే సాధనమే లోతు విషయంలో అందరికన్నా మూగది.

ఉపరితల నౌకలు ఈ చిక్కును రెండో ప్రపంచ యుద్ధంలోనే ఒక దారిన దాటాయి. యాస్డిక్ (సోనార్‌కు బ్రిటిష్‌వారి పేరు) కిరణం దాదాపు అడ్డంగా ముందుకు పోయేది. నౌక దగ్గరికి వచ్చేకొద్దీ కింద ఉన్న జలాంతర్గామి ఆ కిరణం అడుగు అంచు కిందికి జారి ప్రతిధ్వని ఆగిపోయేది. జలాంతర్గామి లోతుగా ఉంటే దూరాన ఉండగానే జారిపోతుంది, పైపైన ఉంటే దగ్గర దాకా వినిపిస్తుంది. ప్రతిధ్వని ఏ దూరంలో ఆగిపోయిందో చూసి లోతు అంచనా వేయడం అధికారులు నేర్చుకున్నారు. వినిపించకపోవడాన్నే కొలతగా మార్చుకున్న ఈ ఉపాయం నాకు చాలా నచ్చుతుంది. కానీ డెప్త్ చార్జి సెకనుకు మూడు మీటర్ల చొప్పున మునుగుతూ 150 మీటర్లు చేరడానికి దాదాపు నిమిషం పడుతుంది. ఆ నిమిషమంతా శత్రువు కదులుతూనే ఉంటాడు. అందుకే లోతును కొలవడానికే ప్రత్యేకంగా, విసనకర్రలా పరచుకునే కిరణంతో టైప్ 147 అనే యాస్డిక్‌ను తయారు చేశారు. దానికి స్వోర్డ్ అని ముద్దుపేరు. అది కొలిచిన లోతు నేరుగా స్క్విడ్ అనే మూడు గొట్టాల మోర్టారుకు చేరి, బాంబులు ఎంత లోతులో పేలాలో దానంతట అదే అమరిపోయేది. 1944 జూలై 31న బ్రిటిష్ నౌక లాక్ కిలిన్ స్క్విడ్‌తో యు-333 అనే జర్మన్ జలాంతర్గామిని ముంచింది.

జలాంతర్గామికి ఆ దారి మూసుకుపోయినట్టే. ధ్వని పంపితే తాను ఎక్కడున్నదీ చాటుకున్నట్టు అవుతుంది. పంపిన ధ్వని తిరిగి వచ్చి మనకు వినపడే దూరానికన్నా చాలా ఎక్కువ దూరంలో శత్రువుకు అది వినపడుతుంది, ఎందుకంటే అతనికి ఒకవైపు ప్రయాణం చాలు. కాబట్టి జలాంతర్గామి ఎక్కువ కాలం మౌనంగా వింటూనే గడపాలి. మౌనంగా వినేవారికి దూరం కూడా నేరుగా తెలియదు. తమ దారిని మార్చి మార్చి, లక్ష్యం దిక్కు ఎలా మారుతోందో చూసి, చాలా నిమిషాల పాటు లెక్కగట్టి దూరాన్ని రాబట్టుకోవాలి. ఆ తర్వాతే లోతు వంతు.

ఇంతవరకు ధ్వని సూటిగా ప్రయాణిస్తుందని అనుకుంటూ వచ్చాం. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే అది ఎప్పుడూ సూటిగా పోదు. నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, పీడనం మారితే ధ్వని వేగం మారుతుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే, నీరు అప్పటికి ఎంత వెచ్చగా ఉందన్నదాన్ని బట్టి, వేగం సెకనుకు రెండు నుంచి నాలుగు మీటర్ల దాకా తగ్గుతుంది. 100 మీటర్లు కిందికి పోతే పీడనం వల్ల 1.7 మీటర్లు పెరుగుతుంది. వేగం తక్కువ ఉన్న వైపుకు ధ్వని వంగుతుంది. ఇవి చాలా చిన్న అంకెలని అనిపిస్తుంది. పై నుంచి కింది దాకా ఒకే ఉష్ణోగ్రత ఉన్న నీటిని తీసుకోండి, అంటే వంపు అతి తక్కువగా ఉండాల్సిన పరిస్థితి. అందులో పీడనం ఒక్కదాని వల్లే, అడ్డంగా బయలుదేరిన ధ్వని 5 కిలోమీటర్లు వెళ్లేసరికి సుమారు 140 మీటర్లు పైకి వంగిపోతుంది. ఇక లోతుకు పోయేకొద్దీ గబగబా చల్లబడే నీటిలో, 100 మీటర్లకు వేగం 10 మీటర్లు తగ్గుతుంటే, అదే 5 కిలోమీటర్లలో 800 మీటర్లకు పైగా కిందికి వంగుతుంది. ఈ వంపును లెక్కలోకి తీసుకోకుండా కోణం నుంచి లోతు కట్టేవాడు గాలిలో మేడలు కడుతున్నట్టే.

దీన్ని నావికాదళాలు కష్టపడి తెలుసుకున్నాయి. 1930ల్లో క్యూబా తీరంలోని గ్వాంటనామో దగ్గర సాధన చేస్తున్న అమెరికా నౌక సెమ్స్‌లో సోనార్ ఉదయం చక్కగా పనిచేసి, మధ్యాహ్నం మందగించేది. భోజనం చేసి కునుకు తీస్తున్నారని మొదట సిబ్బందినే అనుమానించారని చెబుతారు. 1937లో వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన కొలంబస్ ఐసెలిన్ బృందం నీటి ఉష్ణోగ్రతలు కొలిచి అసలు కారణం చూపింది. ఎండకు పై నీరు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి, ధ్వని కిందికి వంగి, కొంత దూరం తర్వాత నౌక వినలేని నీడ ప్రాంతం ఏర్పడుతోంది. ఆ సంవత్సరాల్లోనే ఎథెల్‌స్టన్ స్పిల్‌హౌస్ లోతును బట్టి ఉష్ణోగ్రతను గీతగా గీసే బాతీథర్మోగ్రాఫ్‌ను పనికి తెచ్చాడు. యుద్ధకాలంలో అమెరికా జలాంతర్గాములు దాన్ని తమ ఒంటికే తగిలించుకుని, నీరు హఠాత్తుగా చల్లబడే పొర ఎక్కడుందో చూసి దాని కింద దాక్కునేవి. ఇప్పుడైతే నీటిలో జారవిడిచే సన్నని తీగ గల పరికరాలు, జలాంతర్గామి ఒంటి మీదే ఉండే ధ్వనివేగ మాపకాలు ఉన్నాయి.

మన బంగాళాఖాతం ఈ విషయంలో మరీ పెంకిది. గోదావరి, కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి పైనే పరచుకుంటుంది. వానలు తగ్గాక ఉత్తర భాగంలో పైనీటి లవణీయత (కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు ఉందన్న లెక్క) 30 కన్నా కిందికి పడిపోతుంది, అరేబియా సముద్రంలో అది 36 దరిదాపుల్లో ఉంటుంది. లవణీయత ఒక ప్రమాణం తగ్గితే ధ్వని వేగం సుమారు 1.3 మీటర్లు తగ్గుతుంది. దానికి తోడు చలికాలంలో ఆ తేలికపాటి పైనీరు చల్లబడినా కిందికి మునగదు, కింద వెచ్చని నీరు ఉండిపోతుంది. అప్పుడు పై పొరలో ధ్వని పైకి వంగి ఉపరితలం దగ్గరే చిక్కుకుంటుంది. వేసవిలో గీసిన వేగపు పటాన్ని పట్టుకుని డిసెంబరులో లోతు లెక్కిస్తే నవ్వులపాలవుతారు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం మత్స్యకారులకు చేపల జాడలు, తీరవాసులకు సునామీ హెచ్చరికలు ఇస్తుందని మనకు తెలుసు. రెండు వేల మీటర్ల లోతు దాకా మునిగి తేలే ఆర్గో పరికరాల ఉష్ణోగ్రత, లవణీయత కొలతలు కూడా అక్కడికి చేరుతాయి. ధ్వని వేగపు పటం గీయడానికి ముడిసరుకు అదే.

కోణాన్ని నమ్మలేకపోతే మరో దారి ఉంది, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అందమైన భాగం అదే. సముద్రపు ఉపరితలం కింది నుంచి వచ్చే ధ్వనికి అద్దం లాంటిది. శత్రువు చేసే చప్పుడు మనకు రెండుసార్లు చేరుతుంది, ఒకసారి సూటిగా, మరోసారి ఉపరితలానికి తగిలి. మనం 100 మీటర్ల లోతులో, శత్రువు 150 మీటర్ల లోతులో, మధ్య దూరం 5 కిలోమీటర్లు అనుకోండి. వంపును కాసేపు పక్కన పెడితే సూటి దారికన్నా వంకర దారి 6 మీటర్లు ఎక్కువ. అంటే రెండో చప్పుడు 4 మిల్లీసెకన్లు ఆలస్యం. చెవికి అందదు గానీ, వినిపించిన శబ్దాన్ని దాని నకలుతోనే కొద్దికొద్దిగా జరుపుతూ పోల్చి చూసే కంప్యూటర్‌కు 4 మిల్లీసెకన్ల దగ్గర పోలిక ఉబికి కనిపిస్తుంది. ఆ దారుల తేడా దాదాపుగా మన లోతును, శత్రువు లోతును గుణించి, దాన్ని రెట్టింపు చేసి, దూరంతో భాగిస్తే వచ్చేది. మన లోతు మనకు తెలుసు. దూరం అంచనా ఉంది. మిగిలింది శత్రువు లోతు ఒక్కటే.

ఈ పద్ధతిలో దూరం అంచనాలో పదో వంతు తప్పు దొర్లితే లోతులోనూ పదో వంతే తప్పుతుంది, అంటే 15 మీటర్లు. కోణం పద్ధతిలో ఒక్క డిగ్రీకి ఈ 5 కిలోమీటర్ల దగ్గర కూడా 87 మీటర్లు పోయేవి. ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఉపరితలం మీదుగా వచ్చే ధ్వని లెక్కకు, మన ప్రతిబింబం ఉపరితలానికి 100 మీటర్ల పైన ఉండి విన్న ధ్వనితో సమానం. జలాంతర్గామి పొట్టలో నాలుగు మీటర్ల ఎత్తు దొరకడమే కష్టమైన చోట, సముద్రమే 200 మీటర్ల నిలువు ఎడం గల రెండు చెవులను ఉచితంగా ఇచ్చింది.

ఉచితం అన్నాను గానీ షరతులు ఉన్నాయి. అలలు రేగితే అద్దం గరుకై రెండో చప్పుడు చెదిరిపోతుంది. ధ్వని వంగడం వల్ల ఉపరితలం దారే మూసుకుపోవచ్చు. శత్రువు ఉపరితల నౌక అయి, దాని ప్రొపెల్లర్ 5 మీటర్ల లోతులో ఉంటే, దారుల తేడా 20 సెంటీమీటర్లకు పడిపోతుంది. ఆలస్యం మిల్లీసెకనులో ఏడో వంతు కూడా ఉండదు. దాన్ని విడదీయాలంటే వేల హెర్ట్జ్ విస్తృతి ఉన్న ధ్వని కావాలి, దూరం నుంచి వచ్చేసరికి అందులో ఎగువ పౌనఃపున్యాలను నీరు మింగేస్తుంది. అయితే ఇందులోనూ ఒక ప్రయోజనం ఉంది. ఆలస్యం స్పష్టంగా కనిపిస్తే లక్ష్యం మునిగి ఉన్నట్టు, రెండు చప్పుళ్లు కలిసిపోతే పైన తేలుతున్నట్టు. చేపల పడవల మధ్య తిరిగే కెప్టెన్‌కు మీటర్ల లెక్క కన్నా ముందుగా కావలసింది ఈ జవాబే.

సోనార్ వినేవారి చెవికి అందే ఇతర ఆధారాలు కూడా ఉన్నాయి. ప్రొపెల్లర్ వేగంగా తిరిగితే దాని రెక్కల దగ్గర పీడనం పడిపోయి నీరు బుడగలై, అవి పగిలి బుసబుస వినిపిస్తుంది. లోతుకు పోతే ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరిగి ఆ బుడగలను అణచేస్తుంది. కాబట్టి రెక్కల చప్పుడును లెక్కపెడితే వేగం తక్కువే అని తేలి, బుస మాత్రం వినిపిస్తోందంటే శత్రువు పైపైన ఉన్నాడు. డీజిల్ ఇంజన్ల దడదడ వినిపిస్తే మరీ సులువు. ఇంజన్‌కు గాలి కావాలి, గాలి పీల్చే గొట్టం నీటి పైన ఉండాలి, అంటే అతను పెరిస్కోప్ లోతులో ఉన్నాడు. ఇవేవీ కొలతలు కావు, ఆధారాలు. కానీ యుద్ధ చరిత్రలో నీటి అడుగున ఉన్న ఒక జలాంతర్గామి, నీటి అడుగునే ఉన్న మరో జలాంతర్గామిని వెంటాడి ముంచినట్టు తెలిసిన ఏకైక ఘటన ఇలాంటి ఆధారాలతోనే జరిగింది.

1945 ఫిబ్రవరి 9న నార్వే పశ్చిమ తీరంలో ఫెడ్యే దీవి దగ్గర బ్రిటిష్ జలాంతర్గామి వెంచరర్‌కు ఇంజన్ చప్పుడు వినిపించింది. అది జపాన్‌కు పాదరసం, జెట్ విమానాల భాగాలు మోసుకుపోతున్న జర్మన్ యు-864. వెంచరర్ కెప్టెన్ జేమ్స్ లాండర్స్ ధ్వని పంపలేదు, విన్నాడంతే. మధ్యలో శత్రువు పెరిస్కోప్ నీటి పైకి రావడం కంటబడింది. లోతు సమస్యకు ఆ కాలంలో దొరకగలిగిన శ్రేష్ఠమైన పరిష్కారం అదే, పెరిస్కోప్ పొడవెంతో తెలుసు కాబట్టి కింద పొట్ట ఎక్కడుందో తెలిసినట్టే. శత్రువు వంకరటింకరగా పోతుంటే గంటల తరబడి వెంబడించి, దిక్కులు రాసుకుని వేగాన్ని, దూరాన్ని లెక్కగట్టాడు. ఆ రోజుల టార్పెడోలకు వెతికే తెలివి లేదు, అమర్చిన లోతులో సూటిగా పోవడమే వాటి పని. టార్పెడోలు వస్తున్నాయని వినగానే శత్రువు మునుగుతాడని తెలుసు గనుక లాండర్స్ నాలుగు టార్పెడోలను 17.5 సెకన్ల ఎడంతో, వేరువేరు లోతులకు అమర్చి వదిలాడు. యు-864 మూడింటిని తప్పించుకుని నాలుగో దానికి ఎదురెళ్లింది. అందులోని 73 మందీ చనిపోయారు. 2003లో నార్వే నౌకాదళం దాని శకలాలను సుమారు 150 మీటర్ల లోతున కనుగొంది. పాదరసాన్ని ఏం చేయాలన్న తగువు ఆ దేశాన్ని ఏళ్ల తరబడి వేధించింది. లాండర్స్ చేసింది లోతును కొలవడం కాదని గమనించాలి. ఇప్పుడున్న లోతును చూశాడు, కాసేపట్లో ఉండబోయే లోతును పందెం కట్టాడు.

తర్వాతి దశాబ్దాల్లో గణితం బాగా ముందుకు పోయింది. 1976లో అమెరికా శాస్త్రవేత్త హోమర్ బకర్ ఒక ఆలోచనను తిరగేసి చూపించాడు. వచ్చిన ధ్వని నుంచి లోతును రాబట్టే బదులు, శత్రువు ఫలానా దూరంలో, ఫలానా లోతులో ఉంటే మన హైడ్రోఫోన్ల దగ్గర ధ్వని ఎలా ఉండాలో అన్ని అవకాశాలకూ ముందే లెక్కగట్టి, నిజంగా విన్నదానితో ఏది సరిపోతుందో వెతకడం. ఈ పద్ధతిలో వంపులు, అడుగుకు తగిలే ధ్వనులు, ఉపరితల ప్రతిబింబాలు అడ్డంకులు కావు, అన్నీ సమాచారమే. ఎక్కువ దారుల్లో వస్తే ఎక్కువ ఆధారాలు. కానీ లెక్కలోని సముద్రం బయటి సముద్రంలా ఉండాలి. నీటి ఉష్ణోగ్రతలో, అడుగున ఉన్నది బురదా రాయా అన్నదానిలో కాస్త తేడా వచ్చినా కంప్యూటర్ తప్పుడు చోటును ఎంతో ధీమాగా చూపిస్తుంది. అన్ని దారులూ చివరికి నీటిని తెలుసుకోవడం దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి.

అలాంటప్పుడు టార్పెడో వదిలే కెప్టెన్ ఏం చేస్తాడు? చాలా సందర్భాల్లో ఆయనకు మీటర్లు అవసరం లేదు. శత్రువు చల్లని పొరకు పైన ఉన్నాడా, కింద ఉన్నాడా అన్నది తెలిస్తే చాలు, ఎందుకంటే పొరకు ఒకవైపు నుంచి పంపిన ధ్వని రెండో వైపుకు సరిగా చొరబడదు. టార్పెడో శత్రువు ఉన్న వైపునే వెతకాలి. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర సహా నేటి బరువైన టార్పెడోలకు ముక్కులోనే సొంత సోనార్ ఉంటుంది. వెతకాల్సిన లోతు ఎంతో ముందే చెప్పి పంపవచ్చు. నీటి పైన తిరిగే సొంత నౌకలను వేటాడకుండా, ఇంతకన్నా పైకి రావద్దని గీత గీయవచ్చు. దగ్గరికి చేరాక మిగతాది అదే చూసుకుంటుంది. 10 కిలోమీటర్ల దూరాన 175 మీటర్లు తప్పించిన ఆ ఒక్క డిగ్రీ, 500 మీటర్ల దగ్గర 9 మీటర్లు కూడా తప్పించదు. జలాంతర్గామి ఒంటి ఎత్తే దాదాపు అంత ఉంటుంది. టార్పెడో వెనుక తీగ ఉంటే అది విన్నదంతా వదిలినవారికి చేరుతుంది. తెర మీద అప్పటిదాకా అంచనాగా ఉన్న లోతు స్థానంలో, టార్పెడో తన పీడన మాపకంతో కొలిచి పంపుతున్న అంకె వచ్చి చేరుతుంది.